/టెంప్‌ను ఎవరు ఊడ్చాలి? తాత్కాలిక ఫైళ్లను వాటంతట అవే పోయేలా చేసే పద్ధతుల్లో మీకేది సరిపోతుంది

తిరుపతి బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటరు, ఊళ్లోనే ఒక కాలేజీ ల్యాబు, చిత్తూరు వైపు ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీ ఆఫీసు. నేను చూసుకునే లైనక్స్ మెషీన్లు ఎక్కువగా ఇలాంటి చోట్లే ఉంటాయి. డిస్కు నిండిపోయిన రోజున అందరూ అడిగేది ఒకటే: ‘అన్నా, /టెంప్‌లో పాత ఫైళ్లు వాటంతట అవే పోయేలా పెట్టేద్దాం, ఎన్ని రోజులకు పెడదాం?’

ఎన్ని రోజులన్నది ఆఖర్న తేల్చుకోవచ్చు. అంతకంటే ముందు రెండు విషయాలు చూడాలి. ఫైలు పాతబడిందని ఆ పద్ధతి ఏ గడియారాన్ని చూసి చెబుతోంది? ఇంకా ఎవరో వాడుతున్న ఫైలు ఎదురైతే అది ఏం చేస్తుంది? ఈ రెండింటికీ జవాబు తెలియకుండా ఏది పెట్టినా, ఏదో ఒక రోజు ఎవరి పనో పోతుంది. కింద చెప్పే పద్ధతులన్నిటినీ ఈ రెండు ప్రశ్నలతోనే తూచాను.

తాత్కాలిక ఫైళ్లకు రెండు చోట్లున్నాయి. /టెంప్‌లో పెట్టిన ఫైలు ప్రోగ్రామ్‌ను మళ్లీ నడిపేసరికి ఉంటుందని ఎవరూ నమ్ముకోకూడదు. /వార్/టెంప్‌లో పెట్టింది రీబూట్ అయినా ఉండాలి. 2015లో వచ్చిన ఫైల్‌సిస్టమ్ హయరార్కీ స్టాండర్డ్ 3.0 చెప్పేది ఇదే. ఎండాకాలంలో మధ్యాహ్నం కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ కూడా అయిపోయిన మెషీన్‌లో ఈ తేడా బాగా తెలిసొస్తుంది. కాబట్టి రెండింటికీ ఒకే గడువు పెట్టకండి. /వార్/టెంప్‌కు కనీసం మూడు రెట్లు ఎక్కువ ఇవ్వండి.

మెమరీలో పెట్టేసి రీబూట్‌తో వదిలించుకోవడం

అన్నిటికంటే తేలిక పద్ధతి /టెంప్‌ను టెంప్‌ఎఫ్‌ఎస్‌గా మౌంట్ చేయడం. అప్పుడు ఫైళ్లు ర్యామ్‌లో ఉంటాయి, ర్యామ్ చాలకపోతే స్వాప్‌లోకి (ర్యామ్‌కు సాయంగా డిస్కు మీద ఉంచిన జాగాలోకి) పోతాయి, మెషీన్ ఆపితే ఏమీ మిగలవు. ఫెడోరా 2013లో వచ్చిన 18వ వెర్షన్ నుంచి ఇలాగే చేస్తోంది. డెబియన్ 2025 ఆగస్టులో విడుదలైన 13వ వెర్షన్‌తో ఈ దారికి వచ్చింది. మామూలుగా ర్యామ్‌లో సగం దాకా వాడుకోనిస్తుంది.

ఆ ‘సగం’ దగ్గరే చిక్కొస్తుంది. నెట్ సెంటర్లలో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్లు ఇంకా చాలానే నడుస్తున్నాయి. అంటే /టెంప్‌కు దక్కేది 2 జీబీ. ఎవరో భూమి కాగితాలు తెచ్చి 600 డీపీఐలో కలర్ స్కాన్ చేయమన్నారనుకోండి. ఏ4 పేజీ ఆ రిజల్యూషన్‌లో అడ్డంగా 4960, నిలువుగా 7016 చుక్కలు. చుక్కకు మూడు బైట్లు వేసుకుంటే కంప్రెస్ చేయని పేజీ ఒక్కటీ 104 ఎంబీ దాకా వస్తుంది. స్కానింగ్ ప్రోగ్రామ్ ఆ పేజీలన్నీ /టెంప్‌లో పోగేసి చివర్లో పీడీఎఫ్ చేసేదైతే, ఇరవయ్యో పేజీ చుట్టుపక్కల ఆగిపోతుంది. అప్పటికే మెమరీ నిండి బ్రౌజర్ కూడా ఈడ్చుకుంటూ ఉంటుంది. దీనికోసం టెంప్‌ఎఫ్‌ఎస్‌నే తీసేయక్కర్లేదు. ఆ ఒక్క ప్రోగ్రామ్‌కు టెంప్‌డిర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో /వార్/టెంప్ అని ఇచ్చి నడపండి. దాన్ని పట్టించుకునే ప్రోగ్రామ్‌లు తమ ఫైళ్లను అక్కడ పెట్టుకుంటాయి. 300 డీపీఐకి దించినా సరిపోతుంది, పేజీ 26 ఎంబీకి వచ్చేస్తుంది.

ఇంకో సంగతి. నెలల తరబడి రీబూట్ చేయని సర్వర్‌లో టెంప్‌ఎఫ్‌ఎస్ ఏదీ ఊడవదు. పైగా పేరుకున్న చెత్తంతా డిస్కుకు బదులు మెమరీని తింటుంది. రోజూ ఆపే మెషీన్లకు ఇది చాలా మంచిది. ఎప్పుడూ ఆపని వాటిలో వయసు చూసి తీసేసే పద్ధతి కూడా తోడుండాలి.

వయసు చూసి తీసేవి: సిస్టమ్‌డీ ఒకవైపు, క్రాన్‌లో ఫైండ్ ఒకవైపు

సిస్టమ్‌డీ అంటే లైనక్స్‌లో సర్వీసులను నడిపేది. క్రాన్ అంటే చెప్పిన టైముకు పనులు నడిపేది, ఫైండ్ అంటే షరతులకు సరిపడే ఫైళ్లను వెతికే కమాండ్. ఎక్కువమంది ఎంచుకోవాల్సింది ఈ రెండింటి మధ్యే. అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

యూనిక్స్‌లో ప్రతి ఫైలుకూ కనీసం మూడు సమయాలుంటాయి. చివరిసారి చదివింది ఏటైమ్. లోపలి సమాచారం మారింది ఎంటైమ్. ఫైలు పేరు, హక్కులు, యజమాని లాంటివి గానీ లోపలి సమాచారం గానీ మారితే కదిలేది సీటైమ్. కొత్త ఫైల్‌సిస్టమ్‌లలో ఫైలు పుట్టిన సమయం కూడా ఉంటుంది. వీటిలో ఏటైమ్, ఎంటైమ్‌లను ఏ ప్రోగ్రామ్ అయినా తనకు కావలసినట్టు వెనక్కి జరపగలదు. సీటైమ్‌ను అలా జరపడం కుదరదు.

ఇది పుస్తకాల్లో చదివి వదిలేసే విషయం కాదు. వాతావరణ శాస్త్రం చదివే ఒక విద్యార్థి గాదంకి రాడార్ సమాచారం ఉన్న పాత టార్ ఫైలును (చాలా ఫైళ్లను ఒకటిగా కట్టగట్టినదాన్ని) ల్యాబు మెషీన్‌లో /టెంప్ కింద విప్పాడనుకుందాం. లోపలి ఫైళ్లు 2011లో తయారైనవి. టార్ విప్పేటప్పుడు వాటి ఎంటైమ్‌ను 2011గానే ఉంచుతుంది, అది దాని మామూలు పద్ధతి. రాత్రి రెండింటికి క్రాన్‌లోంచి ‘ఫైండ్, ఎంటైమ్ ప్లస్ 7, డిలీట్’ అనే లైను నడుస్తుంది. దాని లెక్కలో అవి ఏళ్లనాటి చెత్త. పొద్దున వచ్చి చూసుకుంటే ఆ కుర్రాడికి ఒక్క ఫైలూ మిగలదు. ఆర్‌సింక్‌తో గానీ మామూలు కాపీతో గానీ పాత సమయాలు కాపాడుతూ తెచ్చిన వాటికీ ఇదే గతి.

ఏటైమ్‌ను నమ్ముకుంటే? 2009లో వచ్చిన లైనక్స్ 2.6.30 నుంచి రెల్‌ఏటైమ్ అనేది మామూలైపోయింది. దాని ప్రకారం ఫైలు చదివిన ప్రతిసారీ ఏటైమ్ మారదు. పాత ఏటైమ్ రోజు దాటినదైనా, ఎంటైమ్ లేదా సీటైమ్ కంటే వెనకబడినదైనా అప్పుడే మారుతుంది. రోజుల లెక్కకు ఇది చాలు. కానీ ఎస్‌ఎస్‌డీ బతకాలని ఎవరైనా ఏటైమ్‌ను అసలు మార్చని నోఏటైమ్ ఆప్షన్‌తో మౌంట్ చేసి ఉంటే, రోజూ చదువుతున్న ఫైలు కూడా ముట్టుకోనట్టే కనిపిస్తుంది. ఏటైమ్ మీద ఆధారపడే క్లీనర్ పెట్టేముందు మౌంట్ ఆప్షన్లు చూడాల్సిందే.

సిస్టమ్‌డీ-టెంప్‌ఫైల్స్ ఈ గొడవను తెలివిగా దాటుతుంది. ఏటైమ్, ఎంటైమ్, సీటైమ్, దొరికితే పుట్టిన సమయం కూడా చూస్తుంది. అన్నీ గడువు దాటితేనే ఫైలును తీస్తుంది. పై ఉదాహరణలో ఎంటైమ్ 2011దే అయినా సీటైమ్ ఇవాళ్టిది, కాబట్టి ఫైలు క్షేమం. డైరెక్టరీల విషయంలో సీటైమ్‌ను లెక్కలోకి తీసుకోదు, అయితే డైరెక్టరీ ఖాళీ అయితే తప్ప పోదు కనుక ఇబ్బంది రాదు. సిస్టమ్‌డీ ప్రాజెక్టు తనంతట ఇచ్చే గడువులు /టెంప్‌కు 10 రోజులు, /వార్/టెంప్‌కు 30 రోజులు. మెషీన్ ఆన్ అయిన 15 నిమిషాల తర్వాత మొదటిసారి, ఆపైన రోజుకోసారి టైమర్ దాన్ని లేపుతుంది. రాత్రి షట్టర్ దించి మెషీన్లు ఆపేసే షాపుకు ఇది సరిగ్గా కుదురుతుంది. రాత్రి రెండింటికి పెట్టిన మామూలు క్రాన్ పని అలాంటి చోట ఎప్పటికీ నడవదు, తప్పిపోయిన పనులను మెషీన్ ఆన్ అయ్యాక నడిపే అనాక్రాన్ లాంటిది తోడుంటే తప్ప.

రెండో ప్రశ్నకు కూడా దీని దగ్గర మంచి జవాబుంది. ఏదైనా ప్రోగ్రామ్ వింటున్న యూనిక్స్ సాకెట్ (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రత్యేక ఫైలు) ఎంత పాతదైనా దాన్ని ముట్టుకోదు. ఒక డైరెక్టరీ మీద ఫ్లాక్ అనే కమాండ్‌తో తాళం వేసి ఉంటే లోపలికి వెళ్లకుండా పక్కకు తప్పుకుంటుంది. పది రోజులకు మించి నడిచే లెక్కలు చేసేవాళ్లు తమ పనిని ఫ్లాక్ కింద నడిపితే ఆ ఫోల్డరు జోలికి రాదు. ‘ఈ దారి వదిలెయ్’ అని శాశ్వతంగా చెప్పాలంటే /ఈటీసీ/టెంప్‌ఫైల్స్.డి కింద చిన్న ‘ఎక్స్’ అక్షరంతో మొదలయ్యే లైను ఒకటి రాస్తే చాలు.

మార్పులు ఎప్పుడూ సెట్టింగులుండే /ఈటీసీ కిందే చేయండి. /యూఎస్ఆర్/లిబ్ కింద ఉన్న అసలు ఫైలును దిద్దితే తర్వాతి అప్‌డేట్ దాన్ని చెరిపేస్తుంది. అదే పేరుతో /ఈటీసీలో ఫైలు పెడితే అది అసలుదాన్ని పూర్తిగా కప్పేస్తుంది, కాబట్టి మీకు అక్కర్లేదనిపించిన లైన్లను కూడా కాపీ చేసుకున్నాకే గడువు మార్చండి.

డెబియన్ వాడేవాళ్లకు ఒక మాట. 13కు ముందు వెర్షన్లలో /టెంప్‌ను బూట్ సమయంలోనే ఖాళీ చేసేవారు, వయసు చూసి తీయడం ఉండేది కాదు. అందుకే ఏడాదిగా ఆపని పాత డెబియన్ సర్వర్‌లో /టెంప్ నిండి ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. పాతదాన్ని 13కు అప్‌గ్రేడ్ చేస్తే వయసు గడువులు వాటంతట అవి మొదలవవు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవాటికే ఆ 10, 30 రోజుల లెక్క.

ఇక ఫైండ్. దాన్ని తీసిపారేయను. బీఎస్‌డీ అయినా మ్యాక్ అయినా ఎక్కడైనా ఉంటుంది, ఏం చేస్తుందో ఒక్క లైనులో కనిపిస్తుంది. మీరొక్కరే రాసే ఫోల్డరు అయితే హాయిగా వాడుకోండి. కానీ అందరూ రాయగలిగే /టెంప్‌లో, రూట్ (మెషీన్ మొత్తం మీద అధికారం ఉన్న అడ్మిన్) హక్కులతో, దాన్ని ఫైళ్లు చెరిపే ఆర్‌ఎమ్ కమాండ్‌కు కలిపి నడపడం ప్రమాదం. ఫైండ్ ఒక పేరును చూసిన క్షణానికీ, ఆర్‌ఎమ్ దాన్ని చెరిపే క్షణానికీ మధ్య కొంచెం వ్యవధి ఉంటుంది. ఆ సందులో ఒక వినియోగదారుడు తన ఫోల్డరును తీసేసి అదే పేరుతో /ఈటీసీకి సింబాలిక్ లింకు (ఇంకో చోటికి దారి మళ్లించే పేరు) పెడితే, రూట్ చేతులతోనే /ఈటీసీలో ఫైలు చెరిగిపోతుంది. జీఎన్‌యూ ఫైండ్ మాన్యువల్‌లోనే ఈ హెచ్చరిక ఉంది. ఫైండ్‌లో ఉన్న డిలీట్ ఆప్షన్ గానీ ఎగ్జెక్‌డిర్ గానీ వాడితే ఈ దాడికి చోటు దొరకదు.

ఫైండ్ వాడేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి మరికొన్ని: లైనక్స్‌లోని జీఎన్‌యూ ఫైండ్‌లో ప్లస్ 7 అంటే ఏడు రోజులు దాటగానే అని కాదు, ఎనిమిది రోజులు నిండాలి, ఎందుకంటే రోజులో ముక్కలను అది లెక్కలోంచి వదిలేస్తుంది. డిలీట్ అన్నది లైను చివరే ఉండాలి. షరతులకంటే ముందు రాస్తే షరతులు చూడకుండానే మొత్తం చెరిపేస్తుంది. డిలీట్‌తో కలిపి ప్రూన్ వాడి ఏదో ఫోల్డరును తప్పిద్దామంటే కుదరదు, డిలీట్ లోపలి నుంచి పైకి వస్తుంది కనుక ప్రూన్ పనిచేయదు. ఎక్స్‌డెవ్ పెట్టకపోతే /టెంప్ కింద ఎవరో మౌంట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి కూడా దూరుతుంది.

వయసు చూసి తీసే పాత ప్రోగ్రామ్‌లు టెంప్‌వాచ్, టెంప్‌రీపర్ గురించి ఎక్కువ చెప్పను. రెడ్‌హ్యాట్ 6 దాకా రోజూ నడిచింది టెంప్‌వాచే, ఇప్పుడు సిస్టమ్‌డీ చూపే 10, 30 రోజుల లెక్క అప్పుడూ ఉండేది. 7వ వెర్షన్‌తో ఆ పని సిస్టమ్‌డీకి వెళ్లింది. టెంప్‌రీపర్ దాని నుంచే పుట్టింది, డెబియన్, ఉబుంటు వాళ్లు వాడేవారు. దాన్ని ఇన్‌స్టాల్ చేసి ‘ఏమీ తీయట్లేదే’ అనేవాళ్లు దాని కాన్ఫిగ్ ఫైల్లో షోవార్నింగ్ లైను తీయలేదని అర్థం. అది ఉన్నంతకాలం రోజువారీ పని కదలదు. అందరి /టెంప్‌లో రూట్‌గా చెరపడం ఎంత సున్నితమైన పనో చెప్పడానికి దాని చరిత్రే సాక్ష్యం: సీవీఈ-2019-3461 అనే లోపంతో మామూలు వినియోగదారుడు రూట్ హక్కులు సంపాదించే వీలుండేది. సిస్టమ్‌డీ ఉన్న మెషీన్‌లో ఇవాళ కొత్తగా దీన్ని ఎంచుకోవడానికి నాకు కారణం కనిపించదు.

లైనక్స్ బదులు ఫ్రీబీఎస్‌డీ వాడుతుంటే ఇవేవీ అక్కర్లేదు. పీరియాడిక్ అనే రోజువారీ పనుల్లో క్లీన్-టెంప్స్ ముందే ఉంది, కాకపోతే ఆపి ఉంచుతారు. /ఈటీసీ/పీరియాడిక్.కాన్ఫ్‌లో డైలీ క్లీన్ టెంప్స్ ఎనేబుల్‌కు ‘యెస్’ అని ఇస్తే మూడు రోజులు ముట్టని ఫైళ్లను తీస్తుంది. మూడు రోజులు మరీ తక్కువ, శని ఆదివారాలకు ఇంకో సెలవు కలిస్తే అయిపోతుంది. వారం పెట్టుకోండి.

సిస్టమ్‌డీని ఇంత మెచ్చుకున్నాక దాని గాయం కూడా చెప్పాలి. 2024 జూన్‌లో వచ్చిన 256వ వెర్షన్‌లో పర్జ్ అనే కొత్త ఆప్షన్ చేర్చారు. పేరు చూసి తాత్కాలిక ఫైళ్లను తుడిచేదనుకుని కాన్ఫిగ్ పేరు ఇవ్వకుండా నడిపినవాళ్లకు /హోమ్ కూడా పోయింది, ఎందుకంటే /హోమ్‌ను సృష్టించే లైను కూడా అదే టెంప్‌ఫైల్స్ కాన్ఫిగ్‌లలో ఉంటుంది. వెంటనే వచ్చిన 256.1లో కాన్ఫిగ్ పేరు ఇస్తేనే నడిచేలా మార్చారు. టెంప్‌ఫైల్స్‌లో మీకు కావలసింది క్లీన్. పర్జ్ జోలికి పోవద్దు.

సొంత స్క్రిప్టు అయితే

ఫైలు ఎప్పుడు అక్కర్లేకుండా పోతుందో దాన్ని పుట్టించిన ప్రోగ్రామ్‌కే అందరికంటే బాగా తెలుసు. స్క్రిప్టు మొదట్లో ఎంకేటెంప్‌తో ఫోల్డరు చేయించుకుని, ఆ వెంటనే ట్రాప్‌తో ‘బయటికి వెళ్లేటప్పుడు దీన్ని తీసెయ్’ అని రాసేస్తే, పని మధ్యలో కంట్రోల్ సీ కొట్టినా బ్యాష్ దాన్ని తీసేసే వెళ్తుంది. ప్రోగ్రామ్‌ను బలవంతంగా ఆపేసే కిల్ మైనస్ 9కీ, కరెంటు పోవడానికీ మాత్రం ఇది పనిచేయదు. అలా మిగిలిపోయిన వాటికోసమే వయసు చూసే క్లీనర్. సిస్టమ్‌డీ సర్వీసుగా నడిచే ప్రోగ్రామ్ అయితే ప్రైవేట్‌టెంప్‌ను ఆన్ చేయండి. దానికి విడిగా ఒక /టెంప్ దొరుకుతుంది, సర్వీసు ఆగగానే అది కూడా పోతుంది.

మరి ఎవరికి ఏది?

ఇంట్లో లాప్‌టాప్‌కు డిస్ట్రిబ్యూషన్ ఇచ్చిందే ఉంచండి. ఏమీ మార్చనక్కర్లేదు.

నెట్ సెంటరు సంగతి వేరు, అక్కడ జాగా కంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. కొండకు వచ్చే యాత్రికులు దర్శనం టికెట్లు, గదుల రసీదులు ప్రింటు తీసుకుంటారు, ఊళ్లోవాళ్లు ఆధార్, బ్యాంకు పాసుబుక్కు తెస్తారు. అవన్నీ డౌన్‌లోడ్స్ ఫోల్డరులో నెలల తరబడి పడి ఉంటాయి. తర్వాత కూర్చున్న ఎవరైనా తెరిచి చూడొచ్చు. ఇది నాకు నిజంగా టెన్షన్ పుట్టించే విషయం. ఇలాంటి షాపుకు నా సలహా: /టెంప్‌ను టెంప్‌ఎఫ్‌ఎస్‌గా పెట్టండి. దాని కింద కస్టమర్ల కోసం ఒక ఫోల్డరు ఉండేలా టెంప్‌ఫైల్స్‌లో చిన్న ‘డి’ అక్షరంతో మొదలయ్యే లైను రాసి, వయసు 2 గంటలు ఇవ్వండి. ఆ ఒక్క లైనే ప్రతి బూట్‌లో ఫోల్డరును సృష్టిస్తుంది, గడువు దాటినవాటిని తీస్తుంది. టైమర్ రోజుకోసారే నడుస్తుంది కనుక సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో గంటకోసారి అయ్యేలా మార్చాలి. బ్రౌజర్ డౌన్‌లోడ్లు, స్కానర్ సేవ్ చేసే చోటు రెండూ ఆ ఫోల్డరుకే మళ్లించండి. డిస్కు మీద చెరిపిన ఫైలును రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తేవచ్చు, ర్యామ్‌లో ఉన్నది మెషీన్ ఆపితే పోతుంది. స్వాప్ ఉంటే దాన్ని ఎన్‌క్రిప్ట్ చేయండి లేదా తీసేయండి, లేకపోతే ఈ శ్రమలో సగం వృథా.

ఇలాంటి పాత మెషీన్లలో మదర్‌బోర్డు మీది సీమాస్ బ్యాటరీ కూడా చూడండి. అది చచ్చిపోతే బూట్ అయినప్పుడు గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. ఆ కొన్ని నిమిషాల్లో పుట్టిన ఫైళ్లు, ఇంటర్‌నెట్ నుంచి సరైన సమయం రాగానే ముసలివైపోతాయి. నాలుగు గడియారాలూ ఒకేసారి తప్పితే సిస్టమ్‌డీ కూడా కాపాడలేదు.

కాలేజీ ల్యాబుకు సిస్టమ్‌డీ-టెంప్‌ఫైల్స్ తప్ప ఇంకోటి వద్దంటాను, ఎందుకంటే అక్కడ ఒకే మెషీన్‌లో చాలామంది ఉంటారు, సింబాలిక్ లింకు ప్రయోగాలు చేసే చురుకైన పిల్లలూ ఉంటారు. పెద్ద డేటాకు విడిగా ఒక స్క్రాచ్ ఫోల్డరు ఇచ్చి, చిన్న ‘ఈ’ అక్షరం లైనుతో (ఫోల్డరును సృష్టించకుండా, ఉన్నదాన్నే ఊడ్చేది) దానికి 30 రోజుల గడువు పెట్టండి. లాగిన్ అవగానే ఆ గడువు తెర మీద కనిపించేలా రాయండి. చెప్పకుండా చెరపడం న్యాయం కాదు.

పల్ప్ ఫ్యాక్టరీ ఆఫీసు లాంటి చోట కథ ఇంకోలా ఉంటుంది. తోతాపురి సీజన్‌లో లారీలు బారులు తీరతాయి, కాటా వేసిన ప్రతి లారీకీ ప్రోగ్రామ్ చిన్న స్లిప్పు ఫైలు పుట్టిస్తుంది, బిల్లింగ్ ఇంకొన్ని పుట్టిస్తుంది. డిస్కులో బోలెడంత జాగా కనిపిస్తూనే ‘నో స్పేస్ లెఫ్ట్’ అంటుంది. అయిపోయింది ఐనోడ్లు, అంటే ఒక్కో ఫైలు వివరాలు రాసుకోవడానికి ఒక్కోటి చొప్పున ఉండే గళ్లు. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ ఫార్మాట్ చేసేటప్పుడే మామూలుగా 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున లెక్కకట్టి ఉంచేస్తుంది, ఆ నిష్పత్తిని తర్వాత మార్చడం కుదరదు. స్లిప్పు ఒక్కోటి 4 కేబీ బ్లాకులో సరిపోతే, డిస్కు పావు వంతు నిండేసరికే ఐనోడ్లు ఖాళీ. డిస్కు జాగా చూపే డీఎఫ్ కమాండ్‌కు ఐ ఆప్షన్ ఇస్తే తెలిసిపోతుంది. ఇక్కడ /టెంప్ మొత్తానికి గడువు తగ్గించకండి. ఆ ప్రోగ్రామ్ స్లిప్పులను సొంత ఫోల్డరులో పెట్టేలా చేయించి, ఆ ఒక్కదానికే రెండు రోజుల ‘ఈ’ లైను రాయండి. అయితే లెక్కల కోసం ఉంచాల్సిన స్లిప్పులు ముందే వేరే చోటికి చేరాయని అకౌంట్స్ వాళ్లను అడిగి తెలుసుకున్నాకే ఈ పని చేయాలి.

ఏది పెట్టినా, చెరిపాక కూడా జాగా తిరిగి రాలేదంటే ఏదో ప్రోగ్రామ్ ఆ ఫైలును తెరిచి పట్టుకుని ఉంది. పేరు పోయినా, అది మూసేదాకా డిస్కు మీద చోటు అలాగే ఉంటుంది. ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కు ప్లస్ ఎల్ 1 ఇస్తే ఎవరు పట్టుకున్నారో చూపిస్తుంది, ఆ సర్వీసును రీస్టార్ట్ చేయండి.

అమలులో పెట్టేముందు ఒకసారి ఉత్తినే నడిపి చూడండి. ఫైండ్‌లో డిలీట్ బదులు ప్రింట్ రాయండి. టెంప్‌రీపర్‌కు టెస్ట్ ఆప్షన్ ఉంది. సిస్టమ్‌డీ 256 నుంచి క్లీన్‌తో పాటు డ్రై-రన్ ఇస్తే ఏవేవి పోతాయో చెబుతుంది, చెరపదు. అంతకంటే పాతదైతే క్యాట్-కాన్ఫిగ్‌తో ఏ లైను ఏ ఫైల్లోంచి వస్తోందో చదువుకోండి. ఆ జాబితాను మీరొక్కరే కాకుండా, ఆ మెషీన్ మీద రోజూ పనిచేసేవాళ్లకు కూడా చూపించి, వాళ్లు సరేనన్నాక టైమర్ ఆన్ చేయండి.